కలుపుమందు – మంచినీటి చేప

పైరున్న చోటనెల్ల కలుపుండును. రైతు ఒకటి విత్తిన, నేల పది మొలిపించును. గరిక, తుంగ, ఊద మున్నగునవి పైరుకంటె ముందు లేచి, పైరునకు వేసిన యెరువును తామే తిని, పైరునకు రావలసిన యెండను తామే కాజేయును. మన పల్లెలయందు ఆడువారు వంచిన నడుము ఎత్తకుండ దినమెల్ల కలుపు తీయుచుండుట మీరు చూచియే యుందురు. గుంటక తోలుట, చేతితో పెరుకుట అను నీ రెండే వేల యేండ్లపాటు రైతునకు తెలిసిన ఉపాయములు. కూలివారు దొరకనినాడు గాని, వాన విడువక కురిసి చేలో అడుగు పెట్టుటకు వీలుకానినాడు గాని, కలుపే పైరై కూర్చుండెడిది.

ఇట్టి కష్టమునకు విరుగుడుగా మందొకటి వచ్చినప్పుడు రైతు దానిని ఆదరించుటలో వింత లేదు. అతనిని ఎవరును తప్పుపట్టరాదు. నడుము నొప్పి యెరుగనివారు కలుపుమందును నిందించుట సులభము. అయినను ఆ మందు చేలోనే నిలిచియుండునా, యుండనిచో ఎచ్చటికి పోవును, పోయినచోట నేమి చేయును అను ప్రశ్నలు మిగిలియే యున్నవి. అట్టి మందులలో నొకదానిని గూర్చియు, అది చేరిన నీటిలో బ్రతుకు నొక చిన్న చేపను గూర్చియు ఇచ్చట చెప్పుకొందము.

ఆ మందు పేరు అట్రజిను. స్విట్జర్లాండు దేశమున బాసెల్ నగరమందలి గైగీ సంస్థకు చెందిన రసాయన శాస్త్రజ్ఞులు 1950 తరువాతి సంవత్సరములలో ట్రయజీనులను ఒక క్రొత్త తెగ రసాయనములను శోధించుచుండిరి. 1958వ సంవత్సర ప్రాంతమున అట్రజిను ఆ తెగనుండి వెలువడెను. ఇది పనిచేయు తీరు విచిత్రమైనది. ఆకులయందలి పత్రహరితము ఎండను పట్టి, దాని శక్తితో మొక్కకు ఆహారమును సిద్ధము చేయునని మీరు ప్రకృతిశాస్త్రమున చదివియున్నారు. ఎండనుండి పుట్టిన శక్తి ఆకులో ఒకచోటినుండి మరియొకచోటికి సాగిపోవు మార్గము కలదు. అట్రజిను ఆ మార్గమున ఒక చిన్న పల్లములో దూరి, తలుపునకు గడియ వేసినట్లు అడ్డుపడును. అప్పుడు మొక్క ఎండలో నిలిచియుండియు ఎండను వాడుకొనలేక, ఆకు పసుపువారి, అంచులు మాడి చచ్చును.

మొక్కజొన్న మాత్రము చావదు. తన దేహములో ప్రవేశించిన అట్రజినును వేరొక పదార్థముతో జతగూర్చి నిరపాయముగ మార్చుకొను శక్తి దానికి స్వభావముననే కలదు. జొన్నకును, చెరకునకును ఇట్టి శక్తియే యున్నది. అందుచేత ఈ పైరులలో కలుపు చచ్చును, పైరు నిలుచును. రైతునకు ఇంతకన్న కావలసినదేమి? అమెరికా సంయుక్త రాష్ట్రములలో అయోవా, ఇల్లినాయి, మిస్సోరి మొదలగు మొక్కజొన్న సీమలయందు ఈ మందు త్వరలోనే వ్యాపించెను. ఆ దేశమున ఏటేట సుమారు 3 కోట్ల కిలోల అట్రజిను వాడబడుచు వచ్చినది. మన దేశమునందును మొక్కజొన్న, చెరకు పైరులలో దీనిని చల్లుచున్నారు. కృష్ణా డెల్టాలో వరి కోసిన మళ్ళను దున్నకుండనే మొక్కజొన్న విత్తు పద్ధతి వచ్చినప్పటినుండి అచ్చటి రైతులకు ఈ పేరు క్రొత్తది కాదు.

ఇక చేప సంగతి. చేపకు పత్రహరితము లేదు. ఎండనుండి ఆహారము వండుకొను పని దానికి లేనే లేదు. మొక్కలోని ఒకానొక మార్గమును అడ్డగించు మందు, ఆ మార్గమే లేని జంతువునకు హాని చేయదని తలచుట సహజమే. పరీక్షలు గూడ మొదట ఈ మాటనే బలపరచినట్లు కనబడెను.

ఆ పరీక్ష జరుగు విధము తెలిసికొనవలెను. కొన్ని గాజుతొట్లలో మంచినీరు పోసి, ఒక్కొక్క తొట్టిలో ఒక్కొక్క మోతాదున మందు కలుపుదురు. ఒక తొట్టిలో మందు కలుపకుండ విడుతురు. ప్రతి తొట్టిలోను లెక్కకు సమానముగా చేపలను వదలి, నాలుగు దినములు, అనగా 96 గంటలు, కనిపెట్టి చూతురు. ఏ మోతాదున సగము చేపలు చచ్చునో ఆ మోతాదును ఆ మందుయొక్క విషబలమునకు గుర్తుగా వ్రాసికొందురు. అట్రజిను విషయమున ఈ మోతాదు లీటరు నీటికి కొన్ని మిల్లీగ్రాములుగా తేలినది. నిజమైన వాగులలోను, నదులలోను అంత మందు ఎన్నడును చేరదు. మొక్కజొన్న సీమలలో విత్తనములు వేసిన పిమ్మట వచ్చు తొలి వానలకు వాగులు పొంగినప్పుడు సైతము లీటరుకు కొన్ని పదుల మైక్రోగ్రాములే యుండును. మైక్రోగ్రాము మిల్లీగ్రామున వేయవ వంతు. కాబట్టి చేపలకు భయము లేదని తీర్పు చెప్పవచ్చును గదా!

ఈ తీర్పు తప్పని తెలియుటకు ఒక చిన్న లెక్క వేయుదము. ఒక ఎకరము విస్తీర్ణము, రెండు మీటరుల లోతు గల చెరువును ఊహింపుడు. అందు సుమారు 80 లక్షల లీటరుల నీరు పట్టును. ఆ నీటిలో లీటరుకు అర మైక్రోగ్రాము చొప్పున అట్రజిను ఉండవలెనన్న, మొత్తము కావలసినది నాలుగు గ్రాములు మాత్రమే. ఒక చిన్న చెంచాలో పట్టును. ప్రక్కనున్న ఎకరము మొక్కజొన్న చేనిలో రైతు సుమారు అరకిలో మందు చల్లెననుకొందము. అందులో నూరింట ఒక వంతు వాననీటితో కొట్టుకొనివచ్చిన చాలును, చెరువంతయు ఆ మోతాదునకు వచ్చును. చేలనుండి ఈ మందు నూటికి ఒకటి మొదలు రెండు మూడు వంతులవరకు వాననీటివెంట పోవుట సామాన్యమే. అది మట్టిని గట్టిగా పట్టుకొనియుండక, నీటిలో కరగి నీటితోడనే నడచును. ఎండ తక్కువగా సోకు భూగర్భజలములలో చేరినచో ఏండ్ల తరబడి నిలిచియుండును.

ఆ నాలుగు గ్రాముల మందువలన చెరువులోని యొక్క చేపయు చావదు. చెరువులో చేపలు తెల్లని కడుపులు పైకి తేల్చి గుంపులుగా కనబడినప్పుడు ఊరంతయు పరుగెత్తి చూచును, ఎవరో విషము కలిపిరని గగ్గోలు పెట్టును. చేప తేలనినాడు చెరువు క్షేమమని అందరును ఊరకుందురు. 96 గంటల పరీక్షయు ఇట్టిదే. అది చచ్చిన చేపలను లెక్కించును గాని, బ్రతికియున్న చేప ఏమగుచున్నదో యడుగదు.

ఈ లోపమును మొదట గుర్తించి సరిదిద్ద జూచినవారిలో డొనాల్డ్ మౌంట్, చార్లెస్ స్టీఫన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ముఖ్యులు. వారు 1967లో ప్రచురించిన వ్యాసమునందు, నాలుగు దినములకు మారుగా నెలల తరబడి చేపలను మందునీటిలో పెంచి, అవి పెరిగి, జతగూడి, గ్రుడ్లు పెట్టువరకు చూచు పద్ధతిని వివరించిరి. వారు పరీక్షించిన రెండు మందులలో నొకటి కలుపుమందే. అది 2,4-డి అను మందుయొక్క యొక రూపము. చేపలను నాలుగు దినములలో చంపు మోతాదుకంటె ఎన్నో రెట్లు తక్కువ మోతాదు వద్దనే, దీర్ఘకాలమున హాని మొదలగునని వారు చూపిరి. అప్పటినుండి ఏ మందుకైనను రెండు విషబలములు కలవని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. ఒకటి శీఘ్రవిషబలము, రెండవది దీర్ఘకాలిక విషబలము.

అట్రజినును గూడ ఇట్లు పరీక్షించిరి. 1976లో ప్రకటింపబడిన ఫలితములయందు బ్రూక్ ట్రౌట్ అను చేపలను 44 వారములు మందునీటిలో ఉంచిన వృత్తాంతము కలదు. లీటరుకు 120 మైక్రోగ్రాముల వద్ద వాని పెరుగుదల కుంటుపడెను. 65 మైక్రోగ్రాముల వద్ద తేడా కనబడలేదు. ఇతర జాతులపై నాడు వాడిన మోతాదులలో చెప్పుకోదగిన హాని తేలలేదు. ఇంతటితో విషయము ముగిసినట్లే యుండెను. కాని ఒక చిన్న చేప తరువాత కథ మార్చినది.

దానిని అమెరికాలో ఫాట్‌హెడ్ మిన్నో యందురు, లావుతల గల చిరుచేప యని యర్థము. మూడంగుళములకు మించి పెరుగుట అరుదు. ఉత్తర అమెరికాలోని కుంటలలోను, మురికి వాగులలోను విస్తారముగ దొరకును. ఎరకు తప్ప మరి దేనికిని పనికిరాదని చేపలు పట్టువారు దానిని చులకన చేయుదురు. శాస్త్రజ్ఞులకు మాత్రము అది కామధేనువు. నాలుగైదు నెలలకే యుక్తవయస్సునకు వచ్చును. తొట్టిలో పెంచినను బెదరక గ్రుడ్లు పెట్టును. ఒక్క ఋతువులోనే మరల మరల పెట్టును.

దాని సంసారము చూడ ముచ్చటగ నుండును. వసంతము చివర నీరు వేడెక్కగానే మగచేప రంగు నల్లబడి, మూతిపై ముళ్ళవంటి బొడిపెలు లేచును. అది నీటిలో పడియున్న రాతి క్రిందనో, దుంగ క్రిందనో ఒక చోటు చూచుకొని, నాచును గీకి శుభ్రపరచి ఆడుచేపకై వేచియుండును. ఆడుచేప వచ్చి ఆ రాతి అడుగుభాగమున, ఇంటికప్పునకు ముత్యములు అతికించినట్లు, గ్రుడ్లను అతికించి తనదారిన తాను పోవును. కాపలా అంతయు తండ్రిదే. అది వీపుపై మెత్తని కండతో గ్రుడ్లను రుద్ది శుభ్రపరచును, రెక్కలతో నీటిని విసరును, తనకంటె పెద్ద చేప వచ్చినను మూతితో పొడిచి తరుమును. నాలుగైదు దినములలో పిల్లలు బయటికి వచ్చును.

ప్రయోగశాలలలో రాతికి బదులు వంచిన పెంకు పలకను తొట్టిలో బోర్లించుదురు. ప్రతిదినము దానిని పైకెత్తి, అడుగున అతికిన గ్రుడ్లను లెక్కింతురు. ఎంత సామాన్యమైన పనియో చూడుడు! ఒక పలక, కొన్ని గ్రుడ్లు, ఒక లెక్కపుస్తకము. చచ్చిన చేపలు చెప్పలేని సంగతి ఆ లెక్క చెప్పినది.

అమెరికా భూగర్భ పరిశోధన శాఖకు మిస్సోరి రాష్ట్రమందలి కొలంబియా పట్టణమున ఒక పరిశోధన కేంద్రము కలదు. అచ్చట డొనాల్డ్ టిల్లిట్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును లావుతల చేపలను నాలుగు రకముల నీటిలో ఉంచి పరీక్షించిరి. మొదటి నీటిలో మందు లేదు. తక్కిన మూడింట వరుసగా లీటరుకు అర, అయిదు, ఏబది మైక్రోగ్రాముల అట్రజిను ఉండెను. పరీక్ష ముప్పది దినములవరకు సాగెను. 2010లో వారు వెల్లడించిన ఫలితమిది: మందున్న నీటిలోని చేపలన్నియు, మందులేని నీటిలోని చేపలకంటె నూటికి 19 మొదలు 39 వంతులు తక్కువ గ్రుడ్లు పెట్టినవి. చేపలు చావలేదు. పైకి చూచిన రోగమేదియు కనబడదు. కాని అవి గ్రుడ్లు పెట్టిన పర్యాయములే తగ్గినవి. కోసి సూక్ష్మదర్శినిలో చూడగా కొన్నింటి అండకోశములందును, వృషణములందును కణజాలము సహజరీతి తప్పియుండెను.

అర మైక్రోగ్రామనగా మనము లెక్కవేసిన చెరువులోని నాలుగు గ్రాములే యని గుర్తుండవలెను. అమెరికా ప్రభుత్వము మనుష్యులు త్రాగు నీటిలో లీటరుకు 3 మైక్రోగ్రాములవరకు అట్రజిను ఉండవచ్చునని హద్దు పెట్టియున్నది. ఆ హద్దులో ఆరవ వంతు మాత్రమే యున్న నీటిలో ఈ చేపలు తమ సంతానమును కొంత పోగొట్టుకొన్నవన్నమాట.

ఇచ్చట ఒక సంగతి దాచరాదు. శాస్త్రమున ఒక్క పరీక్షతో తగవు తీరదు. 2004లో అయోవాలో ఇదే చేపపై 5, 50 మైక్రోగ్రాముల మోతాదులతో 21 దినముల పరీక్ష జరిగెను. అందు నిశ్చయముగ చెప్పదగిన తేడా కనబడలేదు. కొలంబియా ఫలితములలో మోతాదు నూరు రెట్లు పెరిగినను నష్టము అంతగా పెరుగకుండుట గూడ కొందరికి సందేహకారణమైనది. 2014లో ఉత్పత్తిదారుల ధనసహాయముతో వెలువడిన యొక విపులమైన సమీక్ష, నదులలో సామాన్యముగ నుండు మోతాదులవలన చేపలకు హాని కలుగునని నమ్ముటకు తగిన సాక్ష్యము లేదని వాదించెను. అంతకు ముందే 2010లో జేసన్ రోర్, క్రిస్టా మెకాయ్ అనువారు అంతవరకు వచ్చిన పరీక్షలనెల్ల ప్రోగుచేసి చూచి వేరొక మాట చెప్పియుండిరి. అట్రజిను చేపలను, కప్పలను నేరుగా చంపుట అరుదే. కాని రోగములను ఎదిరించు శక్తి తగ్గుట, జననాంగములు మారుట, నడవడి మారుట మున్నగు గుప్తమైన హానులు అనేక పరీక్షలలో ఒకే తీరున కనబడుచున్నవని వారు తేల్చిరి. రెండు పక్షముల మాటలను చదివినప్పుడు, ధనమెవరిచ్చిరో గూడ చూచికొనుట పాఠకుని పని. అంతమాత్రమున ధనము పొందిన వారు చెప్పినదెల్ల అబద్ధమనుకొనుటయు న్యాయము కాదు. వాదమును వాదముగనే తూచవలెను.

చావు లేకుండ సంతానమెట్లు తగ్గును? దీనికి ఒక ఉదాహరణము ఇంగ్లండునుండి వచ్చినది. ఆండ్రూ మూర్, కొలిన్ వేరింగ్ అనువారు 1998లో సాల్మన్ చేపలపై తమ పరిశోధనను ప్రకటించిరి. సాల్మన్ ఆడుచేప గ్రుడ్లు పెట్టుటకు సిద్ధమైనప్పుడు దాని దేహమునుండి ఒక పదార్థము నీటిలోనికి జారును. మగచేప దానిని ముక్కుతో పసిగట్టును. ఆ వాసన సోకిన వెంటనే మగచేప నెత్తుటిలో కొన్ని రసములు పెరిగి, అది సంతానోత్పత్తికి సిద్ధమగును. నీటిలోపల ఇట్లు ఆలుమగలు వాసనతో మాటలాడుకొందురు. అట్రజిను కొద్దిగ కలిసిన నీటిలో ఉంచిన మగచేపల ముక్కు ఈ వాసనకు తగినంతగ స్పందింపలేదు. ఆడుచేప పిలిచినది, మగచేపకు వినబడలేదు. చేప ఆరోగ్యముగ ఈదుచునే యుండును. మేతకు వచ్చుచునే యుండును. కాని రావలసిన వేళకు రావలసిన చోటికి సిద్ధమై రాదు.

మందు చేపను ముట్టకుండనే చేపకు హాని చేయు మార్గము మరియొకటి కలదు. అది నాకు అన్నింటికంటె ఆలోచింపదగినదిగ తోచును. కాన్సాస్ విశ్వవిద్యాలయమువారు పరిశోధనకై త్రవ్వించిన చిన్న కుంటలలో నీలిమొప్ప చేపలను పెంచిరి. కొన్నింటిలో లీటరుకు 20, కొన్నింటిలో 500 మైక్రోగ్రాముల అట్రజిను కలిపిరి. 1987లో వెలువడిన వ్యాసము ప్రకారము, మందు కలిపిన కుంటలలో పెద్దచేపలు బ్రతికియే యున్నవి గాని, పిల్లచేపలు మిక్కిలి తగ్గిపోయినవి. కారణమేమన, మందు తన సహజధర్మమును తాను చేసినది. అది కలుపును చంపుటకు పుట్టినది; నీటిలోని నాచు, పాచి, తీగమొక్కలు దానికి కలుపే. చేనిలో కలుపు పైరునకు శత్రువు. చెరువులో అదే కలుపు చేపపిల్లకు ఇల్లు. ఆ గుబురులలో చేపపిల్ల దాగును. ఆ ఆకులను పట్టుకొని బ్రతుకు పురుగులను తిని పెరుగును. మొక్కలు పోగా పురుగులు పోయెను, దాగు చోటు పోయెను. మేత చాలని పెద్దచేపలు కండ్లయెదుట దిక్కులేక తిరుగు పిల్లచేపలను మ్రింగినవి. ఈ కుంటలలో చచ్చిన పిల్లచేపను కోసి చూచినను దాని చావునకు కారణము మందని ఎవడును చెప్పజాలడు.

ఇంతకంటె దూరము పోయిన హానిని గూర్చి 2019లో ఒక వార్త వచ్చెను. దానికి ఆధారము జపానుదేశపు వరిమళ్ళలో కనబడు మెడాకా యను చిన్ని చేప. టిల్లిట్ ఈ పరిశోధనలోను భాగస్వామియే. మెడాకా గ్రుడ్డులోనున్నప్పటినుండి తొలి పండ్రెండు దినములు మాత్రము దానిని 5 లేక 50 మైక్రోగ్రాముల అట్రజినుగల నీటిలో ఉంచిరి. పిదప మంచినీటిలోనికి మార్చిరి. ఆ తరువాత వాని జీవితములో గాని, వాని పిల్లల జీవితములో గాని మందు చుక్కయైన లేదు. ఆ చేపలు పెరిగి పెద్దవై గ్రుడ్లు పెట్టినవి, లోపమేమియు కనబడలేదు. వాని పిల్లలు గూడ పెరిగి గ్రుడ్లు పెట్టినవి, అప్పుడును కనబడలేదు. పరిశోధకులు అంతటితో తొట్లు కడిగివేసియుండినచో, మందు నిరపాయమని వ్రాసియుండెడివారు. వారు మరియొక తరము వేచిరి. మనుమల తరమున ఫలించిన గ్రుడ్లసంఖ్య తగ్గెను. మగచేపల శుక్రకణములలో బలము సన్నగిల్లెను. తాతలు పండ్రెండు దినములు త్రాగిన నీటి ఫలము, ఆ నీటినెన్నడు నెరుగని మనుమలకు వచ్చినది. జీవకణములలోని వారసత్వ సూత్రముపై అంటుకొనియుండు కొన్ని గుర్తులు ఇట్లు తరతరములకు మోసికొనిపోబడునని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. ఈ విషయమున తెలియవలసినది ఇంకను చాల కలదు. అయినను నాలుగు దినముల పరీక్షనుండి మూడు తరముల పరీక్షవరకు ఎంత దూరము వచ్చితిమో చూడుడు.

ప్రభుత్వములు ఈ సాక్ష్యమును ఒకే తీరున చూడలేదు. జర్మనీ దేశము 1991లోనే అట్రజినును నిషేధించెను. అచ్చటివారికి చేపకంటె భూగర్భజలముపై చింత యెక్కువ. ఐరోపా సమాఖ్యలో ఏ పురుగుమందైనను, కలుపుమందైనను భూగర్భజలమున లీటరుకు 0.1 మైక్రోగ్రామునకు మించరాదని నియమము కలదు. అట్రజిను ఈ హద్దును మించకుండ చూచుట సాధ్యము కాదని తేలి, 2004లో సమాఖ్య దానికి అనుమతి నిరాకరించెను. మందును కనిపెట్టిన ఖండముననే దాని వాడుక ఆగిపోయినది. అమెరికాలో వాడుక సాగుచునే యున్నది. మన దేశమున 2020 మే నెలలో కేంద్రప్రభుత్వము 27 మందులను నిషేధింపదలచి ఒక ముసాయిదా ఉత్తర్వును ప్రకటించెను. ఆ పట్టికలో అట్రజిను పేరుండెను. కలుపుకూలికి మనుష్యులు దొరకని ఈ దినములలో పేదరైతు ఏమి చేయవలెనని అడిగినవారును ఉండిరి. ఆ ప్రశ్న తోసివేయదగినది కాదు.

అమెరికా పర్యావరణ శాఖ నదులలో ఈ మందు ఎంతవరకు ఉండవచ్చునో, ఎంత దాటినచో చర్య తీసికొనవలెనో తెలుపు ఒక హద్దును నిర్ణయించును. ఆ హద్దు అరువది దినముల సగటుకు సంబంధించినది. 2020లో దానిని 15 మైక్రోగ్రాములని ప్రకటించిరి. 2022లో 3.4 కు దింపవలెనని ప్రతిపాదించిరి. 2024లో మరల 9.7 అనిరి. నాలుగేండ్లలో మూడు అంకెలు! ఇంకొక విశేషమేమన, ఈ అంకెలన్నియు నీటిలోని మొక్కల సముదాయమును బట్టి లెక్కింపబడినవే గాని, చేప గ్రుడ్లను బట్టి కాదు. మొక్కలు మందునకు చేపకంటె త్వరగా లొంగును గనుక, మొక్కలను రక్షించిన చేపలును రక్షింపబడునని వారి తలంపు. కాన్సాస్ కుంటలను తలచుకొన్న ఈ తలంపు కొంతవరకు సరియే. కొలంబియా పలకలను తలచుకొన్న మాత్రము అర మైక్రోగ్రామునకును తొమ్మిదింబావు దాటిన అంకెకును నడుమనున్న యెడము మరుపునకు రాదు.

మందు వాడువారికి నియమములును కలవు. అమెరికాలో అమ్ము అట్రజిను డబ్బాపై అతికించిన చీటిలో, చేలోని నీరు వాగులో కలియు చోటికి 66 అడుగుల లోపల దీనిని చల్లరాదనియు, చెరువులకు, జలాశయములకు 200 అడుగుల దూరము విడువవలెననియు వ్రాసియుండును. ఆ విడిచిన నేలపై గడ్డి పెంచినచో, వాననీరు గడ్డిలో ఇంకి, నెమ్మదించి, తన బరువును కొంత అచ్చటనే దింపుకొని వాగునకు చేరును. కొందరు రైతులు చేనంతయు చల్లక, సాళ్ళవెంబడి మాత్రము మందు చల్లి, సాళ్ళ నడుమ కలుపును గుంటకవంటి పనిముట్టుతో తీయుదురు. మందు సగమునకు తగ్గును. మబ్బు పట్టినదినమున చల్లకుండుట అన్నింటికంటె సులభము. కాని మొక్కజొన్న మొలచు దినములలోనే అచ్చట మబ్బులు గూడ పట్టును.

మిస్సోరి సీమలో ఆ దినములు మే, జూను మాసములు. రైతు ఏప్రిలు చివర విత్తి, మందు చల్లి ఇంటికి పోవును. వాన వచ్చును. నీరు సాళ్ళలో నిండి, గట్టు దాటి, మట్టిరంగుతో వాగులోనికి దిగును. వాగులో నీరు అప్పుడప్పుడే వేడెక్కుచుండును. అదే వేళకు నల్లబడిన మగచేప యొకటి రాతిక్రింద నాచు గీకి, చోటు శుభ్రపరచుకొని, ఆడుచేపకై ఎదురుచూచుచుండును.